మెరుగు పెట్టబోతే మరకలు మిగిలాయా?

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందన్న సామెత కారు పాలిష్ విషయంలో తరచు రుజువవుతూ ఉంటుంది. పండుగ వస్తున్నదనో, ఇంట్లో పెళ్ళి ఉన్నదనో బండిని పాలిష్ దుకాణానికి అప్పగిస్తాము. సాయంత్రానికి అది అద్దంలా మెరుస్తూ ఇంటికి వస్తుంది. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. మరునాడు ఎండ పడేసరికి అసలు సంగతి బయటపడుతుంది. రేకు మీద మెరుపు ఉన్నమాట నిజమే. కాని బంపరు అడుగున ఉన్న నల్లని ప్లాస్టిక్ మీద, తలుపుల వెంట పోయే పట్టీల మీద, అద్దాల చుట్టూ ఉన్న రబ్బరు మీద సున్నం చిందినట్లు తెల్లచారలు! తడిగుడ్డతో తుడిస్తే తడి ఉన్నంతసేపూ కనిపించవు. ఆరగానే మళ్ళీ ప్రత్యక్షమవుతాయి.

అప్పుడు సాధారణంగా రెండింటిలో ఒకటి జరుగుతుంది. యజమాని కోపంకొద్దీ గుడ్డను పెట్రోలులో తడిపి గట్టిగా రుద్దుతాడు. లేదా బండిని తిరిగి దుకాణానికి తీసుకొనిపోతాడు, వాళ్ళు ఏదో మెరుపు నూనె తెచ్చి పట్టీల నిండా పులిమి, "చూడండి, కొత్తదానిలా ఉంది!" అని సాగనంపుతారు. మొదటి పద్ధతి వస్తువును పాడుచేస్తుంది. రెండవది పాడైన సంగతిని దాచిపెడుతుంది. నాలుగు వానలకు నూనె కొట్టుకొనిపోగానే చారలు ఎక్కడివక్కడే ఉంటాయి.

నిజానికి ఈ మచ్చలలో చాలా భాగం ఇంటి దగ్గరే, స్వల్పమైన ఖర్చుతో పోతాయి. కావలసినదల్లా ఒక్కటే. చేయి వేయడానికి ముందు, ఆ తెలుపు ఏ తెలుపో తెలుసుకోవాలి.

ఉక్కు పోయి ప్లాస్టిక్ వచ్చింది

వెనుకటి కార్లకు ఈ బాధ తక్కువ. 1958లో బయటికి వచ్చిన అంబాసిడర్‌ను జ్ఞాపకం చేసుకోండి. దాని బంపర్లు ఉక్కువి. వాటి మీద నున్నని క్రోమియం పూత. పాలిష్ అంటినా గుడ్డతో తుడిస్తే పోయేది. 2014లో ఆ కారు తయారీయే ఆగిపోయింది. 1983లో మారుతి 800 వచ్చిన తరువాత మన రోడ్ల మీద తేలిక బళ్ళు పెరుగుతూ వచ్చాయి. వాటితోపాటే ప్లాస్టిక్ కూడా పెరిగింది. ఈనాడు బంపరు అడుగుభాగం, చక్రాల మీది వంపులు, తలుపుల పట్టీలు, వైపర్ల కింది పలక చాలా బళ్ళకు పాలీప్రొపిలీన్ జాతి ప్లాస్టిక్‌తో చేసినవే. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు గియులియో నట్టా 1954లో దీనిని గట్టి పదార్థంగా తయారుచేసి చూపాడు. 1963లో జర్మనీకి చెందిన కార్ల్ జీగ్లర్‌తో కలిసి ఆయన నోబెల్ బహుమానం అందుకున్నాడు.

ఈ నల్లని ప్లాస్టిక్‌కు పైన రంగు వేయరు. ముడిపదార్థంలోనే సన్నని మసి కలుపుతారు. ఆ మసి నలుపునూ ఇస్తుంది, ఎండ నుంచి కొంత కాపాడుతుంది కూడా. గీతలు కనిపించకుండా ఉండేందుకు దాని ముఖాన్ని తోలు మాదిరి గరుకుగా అచ్చు వేస్తారు. కారు రేకుకైతే రంగు మీద గాజులాంటి పారదర్శకపు పూత ఉంటుంది. దాని మీద పాలిష్ నిలవదు. గరుకు ప్లాస్టిక్‌లో మాత్రం వేలాది చిన్న చిన్న గుంటలు. పిండి పడ్డ జల్లెడ ఎట్లా ఉంటుందో అట్లా, పడినది పడినట్లే అందులో కూరుకొనిపోతుంది.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

రుద్దుడు పాలిష్‌లో ఉండేది ముఖ్యంగా అల్యూమినియం ఆక్సైడు వంటి మెత్తని రాపిడి పొడి; దానిని కొన్ని నూనెలలోను నీటిలోను కలిపి ముద్దగా చేస్తారు. బఫింగ్ మిషను నిమిషానికి వెయ్యి, రెండువేల చుట్లు తిరుగుతూ ఆ ముద్దను రేకు మీద పరుస్తుంది. అంచు దగ్గరికి వచ్చేసరికి అది చుట్టుపక్కలకు చిమ్ముతుంది. నీరు ఆరుతుంది, నూనె ఇంకుతుంది, పొడి మాత్రం గుంటలలో తెల్లగా మిగులుతుంది. మైనం పూత వేసినప్పుడు కూడా ఇదే కథ.

దీనిని ఆపడానికి గొప్ప విద్య అక్కరలేదు. మిషను పట్టడానికి ముందు నల్లని భాగాలన్నిటికీ కాగితపు టేపు అంటించాలి. ఒక చుట్ట టేపు, ఒక అరగంట వ్యవధి చాలు. కాని పండుగ ముందు పది బళ్ళు వరుసలో నిలబడి ఉంటే ఆ అరగంట ఎవరికి మిగులుతుంది? షెడ్డులో పనిచేసే కుర్రవాడికి ఎవరూ సరిగా నేర్పి ఉండరు. త్వరగా కానిమ్మని యజమాని ఒకవైపు, బండి సొంతదారు మరొకవైపు తొందరపెడుతూ ఉంటారు. అందుచేత తిట్లన్నీ ఆ కుర్రవాడికే కట్టబెట్టడం న్యాయం కాదు.

మన నేల, మన ఎండ

గుంటూరు, ప్రకాశం మైదానాలలో ఈ చిక్కు మరికాస్త ముదురుతుంది. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోని రెంటచింతల వేసవి మంటకు పేరుపడ్డ ఊరు. చుట్టుపక్కల ప్రాంతాలదీ ఇంచుమించు అదే దారి. ఎండలో కాగిన రేకు మీద పాలిష్ రాస్తే నిమిషాలలో ఎండి బిగుస్తుంది. నీడలో సులువుగా తుడుచుకొనిపోయేది ఎండలో పెచ్చు కట్టి కూర్చుంటుంది.

ఇక దుమ్ము. రేగడి నేల ధూళి బహు సన్నం. మిరప కోతల కాలంలో గుంటూరు యార్డు చుట్టుపక్కల ఎర్రని పొట్టు గాలిలో తేలుతూ ఉంటుంది. పత్తి తీతల రోజులలో లోడు బళ్ళ వెనుక పోతే దూదిపీచు వచ్చి పడుతుంది. శుభ్రమైన ప్లాస్టిక్ మీద ఇవన్నీ నిలవవు. నూనె పులిమిన పట్టీ మీద మాత్రం బెల్లానికి ఈగల్లా అంటుకుంటాయి. పైన చెప్పిన మెరుపు నూనె మన సీమకు ఎందుకు పనికిరాదో దీనివల్ల తెలుస్తుంది.

మూడవది నీళ్ళు. మెట్ట ఊళ్ళలో చాలా బోర్ల నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టే నీరే కారు మీద ఆరితే తెల్లని వలయాలు మిగులుస్తుంది. అవి పాలిష్ మచ్చలని పొరబడేవారు చాలామంది ఉంటారు.

ఏ తెలుపు?

బండిని నీడలో నిలిపి, సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు తీరిగ్గా చూడాలి. తెలుపు రేకు అంచు వెంటనే గీతలుగానో, వేలి ముద్రంత మచ్చలుగానో ఉండి, గోటితో గీస్తే మెత్తని పొడి రాలితే అది పాలిష్. గుండ్రని వలయాలుగా, నీరు జారి ఆగే కింది అంచులలో ఎక్కువగా ఉంటే అది ఉప్పునీటి గుర్తు. పట్టీ అంతా ఒకే తీరున, ఎండ నేరుగా పడే పైభాగంలో మరీ బూడిదరంగుగా ఉంటే అది మరక కానే కాదు. ఎండకు ప్లాస్టిక్ పైపొర చితికి వెలిసిపోయిందన్నమాట. ఇవేవీ కాక ఒకచోట గరుకు పోయి నున్నగా, పాలిపోయిన మెరుపుతో ఉంటే అక్కడ మిషను తగిలి ప్లాస్టిక్ అరిగిందని గ్రహించాలి.

మొదటి రెండూ పోతాయి. మూడవది పోదు గాని కప్పవచ్చు. నాలుగవది పోదు, దానికి బాధ్యులెవరో తేల్చుకోవలసి ఉంటుంది.

పాలిష్ తెలుపు

గిన్నెలు తోమే ద్రవపు సబ్బు రెండు మూడు చెంచాలు అరబక్కెట్టు గోరువెచ్చని నీటిలో కలపండి. పళ్ళు తోముకొనే పాత బ్రష్షు, మెత్తనిది తీసుకొని, జానెడు మేర మాత్రమే ఒకసారి తోమండి. గరుకు ఒకే దిక్కుగా ఉండదు గనుక నిలువుగా కొంత, అడ్డంగా కొంత తోమాలి. నురుగు ఆరకముందే తడి మైక్రోఫైబరు గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వెంటనే జాడించండి. లేకపోతే ఇక్కడ తీసిన పొడిని అక్కడ పూసినట్లు అవుతుంది. తాజా మరకలు చాలావరకు దీనితోనే వదులుతాయి.

మైనం కలిసిన పాతమరకకు సబ్బు చాలదు. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌కు అంతే నీరు కలిపి, మొదట కంటికి కనిపించని మూల ఒకచోట పరీక్షించండి. గుడ్డకు నలుపు అంటకపోతే నిర్భయంగా సాగవచ్చు. స్పిరిట్‌ను బ్రష్షుకు అద్ది, మరక మీద అర నిమిషం ఆడించి, తుడిచివేయాలి. రేకుకు ఈమధ్యే కొత్తగా రంగు వేయించి ఉంటే దాని మీద పడనివ్వవద్దు. స్పిరిట్ చప్పున అంటుకొనే వస్తువు. ఎండలో, పొయ్యి దగ్గర, బీడీ సిగరెట్టు కాల్చేవారి పక్కన ఈ పని పనికిరాదు.

చిన్న చిన్న చుక్కలకు పిల్లల పెన్సిల్ గీతలు చెరిపే తెల్లని రబ్బరు చక్కగా పనిచేస్తుంది. అమెరికాలో గృహస్థులు వేరుసెనగ వెన్నతో ఈ మరకలు తీస్తారు. అందులో వింతేమీ లేదు. వేరుసెనగ నూనె మైనాన్ని వదులుచేస్తుంది, పలుకుల ముద్ద మెల్లగా రాపిడి ఇస్తుంది. వేరుసెనగకు మనకు కొదువ లేదు గనుక చేసి చూడవచ్చు. కాని ఆ తరువాత సబ్బుతో రెండుసార్లు కడగకపోతే ముందు చెప్పిన దుమ్ము కథ మళ్ళీ మొదలవుతుంది.

నీటి తెలుపు

వలయాలుగా ఉన్న ఉప్పు మరకకు స్పిరిట్ పనిచేయదు, సబ్బూ అంతంతమాత్రమే. దానికి పులుపు కావాలి. తెల్ల వెనిగర్‌కు అంతే నీరు కలిపి గుడ్డతో అద్ది, ఒకటి రెండు నిమిషాలు ఉంచి, బ్రష్షుతో ఆడించి కడగాలి. అల్యూమినియం పట్టీల మీదికి మాత్రం దీనిని పోనివ్వవద్దు.

అసలు కిటుకు చివరి కడుగులో ఉంది. మళ్ళీ అదే బోరునీటితో కడిగి వదిలేస్తే మళ్ళీ అవే వలయాలు. పెట్రోలు బంకులలో అమ్మే బ్యాటరీ నీళ్ళు లవణాలు తీసివేసినవి. ఒక సీసా ఉంటే పట్టీలన్నిటినీ చివరగా తుడవడానికి సరిపోతుంది. కొనేటప్పుడు అది నీళ్ళేగాని బ్యాటరీ యాసిడ్ కాదని చూసుకోవాలి సుమా! వానాకాలంలో పట్టి ఉంచుకున్న వాననీరు కూడా ఇందుకు శ్రేష్ఠమే.

నూనె మెరుపు, ఎండ వెలుపు

దుకాణంవారు పులిమే మెరుపు ద్రవాలలో తరచు ఉండేది సిలికోను నూనె. అది ప్లాస్టిక్‌లో ఇంకదు. పైన తడిలా నిలిచి, కాంతిని మార్చి, నల్లగా ఉన్నట్లు భ్రమ పుట్టిస్తుంది. టైర్లకు దట్టంగా రాస్తే బండి నడిచినప్పుడు చిమ్మి పక్కరేకు మీద చుక్కలు పడుతుంది. అడుగున పాలిష్ మరక ఉంటే ముందు ఈ నూనెను సబ్బుతో రెండు మూడు విడతలుగా వదలగొట్టాలి. జిడ్డు పోయిందో లేదో నీళ్ళు చల్లితే తెలుస్తుంది. జిడ్డు ఉన్నంతకాలం నీరు ముత్యాలు కడుతుంది. పోయిన తరువాత పలుచగా పరుచుకుంటుంది.

ఎండకు వెలిసిన ప్లాస్టిక్‌కు నల్లదనం తెప్పించే పూతలు బజారులో దొరుకుతాయి. ఆరి గట్టిపడే రకాన్ని ఎంచుకుంటే నెలల తరబడి నిలుస్తుంది. అయితే అది అడుగున ఉన్నదానిని అట్లాగే బంధిస్తుంది. మరక తీయకుండా పూత వేయిస్తే ఆ మరకకు శాశ్వత నివాసం ఏర్పరచినట్లే. వేడిగాలి మిషనుతో నలుపు తెప్పిస్తామని కొందరు అంటారు. కాసేపు రంగు తేలేమాట నిజమే. క్షణం ఆలస్యమైతే పట్టీ వంకరపోయేమాటా నిజమే.

పెట్రోలు, చింతపండు, బూడిద

అద్దాల చుట్టూ ఉండే రబ్బరు పెట్రోలును, కిరోసిన్‌ను పీల్చి ఉబ్బుతుంది. నాలుగుసార్లు తుడిస్తే వదులై వాననీటికి దారి ఇస్తుంది. దానికి సబ్బునీరు, మెత్తని బ్రష్షు తప్ప మరేదీ వద్దు. ముందు దీపాల మీది పారదర్శకమైన కవచం గాజు కాదు, పాలీకార్బనేటు అనే ప్లాస్టిక్. థిన్నరు గాని, గోళ్ళరంగు తుడిచే ద్రవం గాని తగిలితే అందులో సన్నని పగుళ్ళు పుడతాయి.

మన ఇళ్ళలో ఇత్తడికి చింతపండు, గిన్నెలకు బూడిద వాడిన అలవాటు ఉంది. ఆ వైద్యం కారుకు సరిపడదు. నేటి కార్ల క్రోమియం మెరుపులో చాలా భాగం ప్లాస్టిక్ మీద వేసిన పూత. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఆ క్రోమియం పొర ఒక్క మైక్రానుకన్న పలుచన. బూడిద, ఇనుప పీచు, ఉప్పుకాగితం దానిని క్షణంలో గీసివేస్తాయి. కొన్ని సర్వీసింగ్ షెడ్లలో మురికి త్వరగా వదలడానికి వాడే యాసిడ్ నీళ్ళు అల్యూమినియం పట్టీల మీద వేసే తెల్లమచ్చ కడిగితే పోయేది కాదు.

దసరా ఆయుధపూజనాడు పెట్టిన పసుపు, కుంకుమ, గంధం సంగతి కూడా చెప్పుకోవాలి. వాటిని పొడిగుడ్డతో రుద్దితే గుంటలలోకి మరింత దిగుతాయి. ముందు నీటితో నానబెట్టి, తరువాత సబ్బుతో కడగాలి. పసుపు ఛాయ కాస్త మిగిలినా దిగులు పడనక్కరలేదు. పసుపులోని రంగు ఎండకు తానే వెలిసిపోతుంది.

పోని మచ్చ, పోయిన డబ్బు

మిషను తగిలి అరిగిన ప్లాస్టిక్‌ను ఏ ద్రవమూ తిరిగి తెప్పించలేదు. ఆ పట్టీ మార్చవలసిందే. చెడగొట్టినవారే దానిని సరిచేసి ఇవ్వాలని కోరడం దబాయింపు కాదు, హక్కు. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానే 2019 చట్టం వచ్చి, 2020 జూలై నుంచి అమలులో ఉంది. డబ్బు పుచ్చుకొని చేసిన పనిలో లోపం ఉంటే, రెండేళ్ళ లోపల జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. గుంటూరులోను, ఒంగోలులోను ఇటువంటి కమిషన్లు ఉన్నాయి. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలకు మించకపోతే ఫిర్యాదుకు రుసుము లేదు. వకీలును పెట్టుకోక తప్పదన్న నియమమూ లేదు. 1915 నంబరుకు టెలిఫోను చేసినా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంవారు మార్గం చెబుతారు.

అయితే నూటికి తొంభై తగవులకు అంతదాకా పోనక్కరలేదు. కావలసింది రుజువు. మనలో చాలామంది వంద రూపాయల కూరగాయలు బేరమాడి కొంటారు గాని, వేల రూపాయల పాలిష్‌కు బిల్లు అడగడానికి మొగమాటపడతారు. బిల్లు తీసుకోండి. ఇవ్వడానికి ముందు బండి నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచండి. తీసుకొనేటప్పుడు షెడ్డు దీపాల వెలుగులో కాక పగటి వెలుగులో చూసుకోండి. నల్లని పట్టీల మీద నూనె ఉంటే ఒకచోట తుడిపించి చూడండి. మెతకగా అడిగినా సరే, అక్కడే అడగండి. ఇంట్లో స్పిరిట్, వెనిగర్ పట్టుకొని నాలుగు రోజులు ప్రయోగాలు చేసిన తరువాత వెళితే, ఆ మచ్చ ఎవరు చేసిందో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఈసారి ఇచ్చేముందు

దుకాణంలో నాలుగు ప్రశ్నలు వేస్తే చాలు. నల్లని భాగాలకు టేపు వేస్తారా? పని నీడలో జరుగుతుందా? చివరి కడుగు ఏ నీటితో? పట్టీలకు ఏమి రాస్తారు? "అన్నీ మేము చూసుకుంటాములెండి" అన్నది జవాబు కాదు. టేపు చుట్ట తెచ్చి చూపించినవాడి దగ్గర బండి వదలండి. మరొక్క మాట. పండుగ ముందురోజు కాక వారం ముందే ఇవ్వండి. వాళ్ళకూ తీరిక ఉంటుంది, పొరబాటు జరిగితే దిద్దడానికి మీకూ వ్యవధి ఉంటుంది.

మధ్యతరగతి ఇంట్లో కారు అంటే ఏళ్ళ తరబడి కట్టే వాయిదాలు. రేపు అమ్మబోయినప్పుడు కొనేవాడి చూపు ముందుగా పడేది ఈ అంచుల మీదనే. అవి తెల్లబారి ఉంటే లోపల ఇంజనును కూడా ఇట్లాగే చూసుకున్నారు కాబోలునని ధర తగ్గిస్తాడు. ఒక ఆదివారం ఉదయం, బక్కెట్టెడు నీళ్ళు, పాత బ్రష్షు, కాస్త ఓపిక ఖర్చుపెడితే ఆ తగ్గే ధర మన ఇంట్లోనే నిలుస్తుంది. ఓపిక లేనివారు కనీసం పెట్రోలు సీసా జోలికి పోకుండా ఉంటే, అదే సగం వైద్యం.